జాన్ గిబ్బన్ మహాశయుడు

మనుష్యుని హృదయము పిడికిలి యంత మాత్రమే యుండును. అది నిమిషమునకు ఇంచుమించు 5 లీటర్ల నెత్తురును త్రోయుచు రాత్రింబవళ్లు విశ్రాంతి యెరుగక పనిచేయును. కొన్ని నిమిషములు నిలిచినచో మెదడు చెడును. అందుచేతనే శస్త్రవైద్యులు ఉదరమును కోసిరి, శిరస్సును తెరచిరి గాని, హృదయపు లోపలి గదులను తెరచి చూచుటకు చిరకాలము వెనుదీసిరి. ఆ హృదయపు పనిని కొంతసేపు యంత్రమునకు అప్పగింపవచ్చునని నమ్మి, ఆ నమ్మకమునకు యౌవనమంతయు ధారపోసినవాడు జాన్ హేషమ్ గిబ్బన్.

ఆతడు 1903 సెప్టెంబరు 29వ తేదీన అమెరికా దేశమున ఫిలడెల్ఫియా నగరమున వైద్యుల వంశమున జన్మించెను. తండ్రియు శస్త్రవైద్యుడే. వంశవృత్తి గలవానికి వేరొక దానిపై మనసు పోవుట లోకసహజము. ప్రిన్స్‌టన్‌లో చదువు ముగించి జెఫర్సన్ వైద్యకళాశాలలో చేరిన గిబ్బన్ రచయిత కావలెనని కోరి, వైద్యవిద్యను మానదలచెను. తండ్రి కోపింపలేదు. పట్టము వచ్చిన పిమ్మట వైద్యము చేయకున్నను సరియే, చదువు మాత్రము ముగింపుమని బోధించెను. 1927లో పట్టము వచ్చెను.

1930లో ఆతడు బోస్టన్ నగరమున మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో చర్చిల్ అను ఆచార్యుని వద్ద పరిశోధకుడుగా చేరెను. అచ్చట ఒక స్త్రీకి పిత్తాశయమునకు శస్త్రచికిత్స జరిగిన రెండు వారములకు, నెత్తుటి గడ్డ యొకటి కొట్టుకొనివచ్చి ఊపిరితిత్తులకు పోవు నాళమున అడ్డుపడెను. దానిని కోసి తీసినను రోగి బ్రదుకుట ఆ దినములలో మిక్కిలి అరుదు. కావున చివరి గడియ వచ్చువరకు వేచియుండ నిశ్చయించి, గిబ్బన్‌ను ఆమె చెంత కావలి యుంచిరి. ఆతడు 17 గంటలు, 15 నిమిషముల కొకమారు నాడిని, రక్తపు పోటును వ్రాసికొనుచు కూర్చుండెను. నాళములు ఉబ్బుచు, నెత్తురు నల్లబడుచు, ప్రాణము తరుగుచుండుట చూచుటయే గాని చేయగలిగినది లేదు. తుదకు చర్చిల్ ఆరున్నర నిమిషములలో గడ్డను తీసివేసెను. గడ్డ వచ్చినది గాని ప్రాణము రాలేదు. నల్లబడిన నెత్తురును వెలుపలికి తీసి, ప్రాణవాయువు నెక్కించి, మరల ధమనులలోనికి పంపగలిగినచో ఆమె బ్రదికియుండునేమో యని ఆ రాత్రి తోచిన తలంపు ఆతనిని మరి విడువలేదు.

పెద్దలు ప్రోత్సహింపలేదు. ఫలము కనుచూపు మేరలో లేని పనికి పూనుకొనవలదని హితవు చెప్పిరి. తోడు నిలిచినది భార్య. చిత్రకారుడు చార్లెస్ హాప్కిన్సన్ కుమార్తెయైన ఆ మేరీ, చర్చిల్ ప్రయోగశాలలోనే సహాయకురాలు. 1931లో వివాహమైన ఆ దంపతులు కలసియే యంత్రమును నిర్మింప మొదలిడిరి. పాతసామానుల అంగడిలో కొన్న పంపు, గాజు గొట్టములు, రబ్బరు బిరడాలు, ఇవియే వారి పరికరములు. తిరుగుచుండు గొట్టపు లోపలి గోడపై నెత్తురు పలుచని పొరగా జారునట్లును, ఆ పొరకు ప్రాణవాయువు సోకునట్లును అమర్చిరి. నెత్తురు గడ్డకట్టకుండుటకు హెపారిన్ అను ఔషధమును వాడిరి. ప్రయోగములకు పిల్లులు కావలసివచ్చెను. వైద్యవంశమున పుట్టిన యీ పండితుడు రాత్రులందు చేపను ఎరచూపి వీధిపిల్లులను పట్టుచుండెననుట నవ్వు పుట్టించును. కాని 1935లో ఒకనాడు, పిల్లి హృదయము పనిని ఆపివేసియు యంత్రముతోనే దానిని సజీవముగ నిలుపగలిగినప్పుడు, ఆలుమగలు ప్రయోగశాలలో చేతులు పట్టుకొని నాట్యమాడిరి.

యుద్ధకాలమున ఆతడు సేనలో వైద్యుడుగా పనిచేయుటచే పరిశోధన నిలిచెను. 1946లో జెఫర్సన్ కళాశాలకు ఆచార్యుడై వచ్చిన పిమ్మట, ఐ.బి.ఎం. సంస్థాధిపతి థామస్ వాట్సన్ తన యింజనీర్లను తోడిచ్చెను. నిలువుగ వ్రేలాడు ఉక్కు వలలపై నెత్తురు జారు క్రొత్త యంత్రము సిద్ధమయ్యెను.

1952 ఫిబ్రవరిలో 15 నెలల శిశువునకు హృదయపు గదుల నడిమి గోడలో రంధ్రము కలదని తలచి తెరచిరి. రంధ్రము లేదు, లోపము హృదయమునకు వెలుపలి నాళమునందుండెను. శిశువు దక్కలేదు. 1953 మే 6వ తేదీన 18 ఏండ్ల యువతికి హృదయమును తెరచి, అందలి రంధ్రమును కుట్టుచుండగా, యంత్రమే 26 నిమిషములు ఆమెకు హృదయమును ఊపిరితిత్తులును అయ్యెను. ఆమె ఆరోగ్యముతో ఇంటికి పోయి, పెక్కు దశాబ్దములు జీవించెను. ఆ జూలైలో ఇద్దరు బాలికలకు అట్లే చేయగా ఇరువురును మరణించిరి.

లెక్క చూచినచో నలుగురిలో దక్కినది ఒక్కరు. 23 ఏండ్ల కృషి ఫలించిన యేడే గిబ్బన్ ఆ యంత్రముతో చికిత్స చేయుట మానెను. ఇది అధైర్యమని కొందరికి తోచవచ్చును. కీర్తినే కోరినవాడైనచో దక్కిన యొక్కరిని చూపుకొని సాగిపోయెడివాడు. ఆతడు ఆ పసిబిడ్డలను ఖర్చు వైపు వ్రాసికొనెను. తన జయమును గూర్చి సైతము 1954లో మిన్నెసోటా వైద్యపత్రికలో ఒక చిన్న వ్యాసము మాత్రము ప్రకటించెను. యంత్రపు పటములను దాచుకొనక మేయో వైద్యశాలవారికి ఇచ్చెను. అచ్చట కిర్క్లిన్ అను వైద్యుడు దానిని సవరించి, 1955లో మొదట ఎనిమిది మందికి శస్త్రచికిత్స చేయగా నలుగురు బ్రదికిరి. హృదయమును తెరచు చికిత్స అచ్చటినుండి లోకమున వ్యాపించెను.

అయినను అది కొన్ని గంటల సాధనము మాత్రమే. శస్త్రచికిత్స ముగిసినను కొందరి హృదయములు తిరిగి బలము పుంజుకొనవు. మరికొందరివి ఏండ్ల తరబడి నీరసించి, తుదకు నెత్తురును త్రోయజాలకుండును. అట్టివారికై హృదయమునకు తోడుగా నిలుచు పంపును వెదకిరి. 1966లో హ్యూస్టన్ నగరమున డిబేకీ అను శస్త్రవైద్యుడు ఒక స్త్రీకి అట్టి పంపును పది దినములుంచి, హృదయము కోలుకొనగా తీసివేసెను. నేడు ఎడమ జఠరికకే అమర్చు చిన్న పంపులు వచ్చినవి. వానిలో కొన్నింట చక్రము అయస్కాంతబలముచే తేలుచు తిరుగును. పొట్ట చర్మము గుండ వెలుపలికి వచ్చు తీగ, రోగి ధరించిన బాటరీలను చేరును. నెత్తురు ఎడతెగక పారుటచే మణికట్టున నాడి తరచుగ చిక్కదు. నాడిని పట్టియే రోగమును చెప్పిన మన పూర్వవైద్యులు, నాడి చిక్కకయు నడచి తిరుగు మనుష్యుని చూచినచో ఏమనుకొనెడివారో! వేరొక హృదయము దొరకు వరకు కొందరును, దొరకు ఆశ లేక కడవరకు కొందరును దీనితో జీవించుచున్నారు. తీగ వెంట చీము పట్టుట, నెత్తురు కారుట అను భయములు వారికి తప్పలేదు. బోస్టన్‌లో ఆ రాత్రి గిబ్బన్ కన్నులయెదుట ఒక ప్రాణమును తీసిన నెత్తుటి గడ్డ భయమును తప్పలేదు. దానికై వారు నిత్యము మందు పుచ్చుకొనవలెను.

గిబ్బన్ 1967లో ఉద్యోగమును విడిచి, మామగారి కళయైన చిత్రలేఖనమును చేపట్టెను. 1973 ఫిబ్రవరి 5వ తేదీన, 69 ఏండ్ల వయస్సున, టెన్నిస్ ఆడుచుండగా గుండెపోటు వచ్చి మరణించెను.