డాక్టర్ శామ్యూల్ ఆర్టన్

అక్షరాల వద్ద తడబడే బాలుణ్ణి మందమతి అనడానికి మనం సంకోచించము. ఆ తీర్పును ప్రశ్నించిన అమెరికా వైద్యులు శామ్యూల్ ఆర్టన్ (1879–1948). అయోవా రాష్ట్రంలో ఆయన పరీక్షించిన 16 ఏండ్ల బాలుడొకడు చదవలేడు; తెలివి పరీక్షలోనూ వెనుకబడ్డాడు. అయినా బాలుని బుద్ధికి ఆ పరీక్ష కొలత కాదని ఆర్టన్ 1925లో ప్రకటించారు. నేడు డిస్లెక్సియా అనే ఈ లోపానికి మెదడు రెండు అర్ధభాగాలలో ఒకదానికి ఆధిక్యం కుదరకపోవడమే కారణమని ఆయన భావించారు. ఆ సిద్ధాంతం నిలవలేదు, బోధన నిలిచింది. అక్షరాన్ని చూపుతూ, ధ్వనిని పలికిస్తూ, చేతితో దిద్దించాలి; పిదప ధ్వనులను కూర్చి పదం చదివించాలి, విడదీసి వ్రాయించాలి. పలకపై ఓనమాలో, అలీఫ్ బేలో దిద్దిన మనకిది వింతగా తోచదు. ఆయనతో పనిచేసిన అనా గిల్లింగ్‌హామ్, బెస్సీ స్టిల్‌మన్‌తో కలిసి ఆ పద్ధతిని ఉపాధ్యాయులకై పాఠ్యక్రమంగా కూర్చారు. ఆర్టన్ పేర 1949లో వెలసిన సంఘమే నేటి అంతర్జాతీయ డిస్లెక్సియా సంఘం.