కెమెరా ముట్టని కెమెరామన్

1930లో కలకత్తాలో పుట్టిన సుబ్రతా మిత్రా సైన్సు విద్యార్థి. ఫ్రెంచి దర్శకుడు రెన్వా బెంగాల్లో ‘ది రివర్’ తీస్తుంటే వెళ్లి చూసేవారు. దీపాలెక్కడ, కెమెరా ఎటు, నటులెలా కదిలారు — అన్నీ పుస్తకంలో బొమ్మలుగా గీసుకున్నారు. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ అప్పగించేనాటికి ఆయనకు 21 ఏళ్లు. మూవీ కెమెరా తిప్పి ఎరగరు!

‘అపరాజితో’ (1956)కి కాశీ ఇంటి మండువాను స్టూడియోలో కట్టారు. ఆకాశానికి బదులు పైన తెల్లగుడ్డ పరిచి, కిందినుంచి దానిమీదికి దీపాలు వేశారు మిత్రా. వెలుగు మెత్తగా తిరిగి దిగింది. గట్టి నీడలు పోయి, అచ్చం పగటి వెలుతురే! ‘చారులత’ (1964)లో ఉయ్యాలతోపాటే కెమెరానూ ఊపారు. ముఖం నిలిచింది, తోట ఊగింది.

2001లో ఆయన కన్నుమూశారు. మిత్రులారా, కెమెరా లేదని ఆగొద్దు. చూసే కన్ను, గీసుకునే పుస్తకం చాలు, అభ్యాసం మొదలైనట్టే.