సుద్దాల హనుమంతు: పల్లెపాటకు పదును పెట్టిన కవి

ఒక జాతి సంస్కృతి శిలాశాసనాలలోను, తాళపత్రాలలోను మాత్రమే నిలిచి ఉండదు. అక్షరమెరుగని వారి గొంతులో నిలిచినదియు సంస్కృతియే. కరీంనగరు పల్లెలలో డోలు వాయించి మల్లన్న కథ చెప్పే ఒగ్గువారును, ఆదిలాబాదు అడవులలో కీక్రి వాయించుచు గోండుల పూర్వగాథలను గానము చేసే ప్రధానులును ఇందుకు సాక్షులు. ఈ పాటకు రాజాస్థానముల ఆదరణ లేదు. సంగీత సభలలో ఆసనము లేదు. అయినను అది బ్రతికినది. దేవతల కథలనే గాక తన కాలపు బాధను గూడ చెప్పుకొనగల శక్తి ఆ పాటకున్నదని నిరూపించిన తెలంగాణ కవులలో సుద్దాల హనుమంతు ముఖ్యులు.

హనుమంతు 1910 ప్రాంతమున నాటి నల్లగొండ జిల్లా పాలడుగు గ్రామములో పేద పద్మశాలి కుటుంబమున జన్మించినారు. తండ్రి బుచ్చిరాములు ఆయుర్వేద వైద్యులు, తల్లి లక్ష్మీనరసమ్మ. సుద్దాల గ్రామములో స్థిరపడుటచేత ఆ ఊరి పేరే ఆయనకు ఇంటి పేరై నిలిచినది. బాల్యము నుండియు ఆయనకు హరికథలన్నను, యక్షగానములన్నను ప్రాణము. ఊరిలోనికి వచ్చిన ప్రతి కళాకారుని నడక, నుడికారము, తాళము ఆయన మనస్సున ముద్రపడినవి. పండితులు గ్రంథములలో నేర్చిన ఛందస్సును ఆయన వీధి అరుగుమీద కూర్చుండి నేర్చినారనవచ్చును.

ఆనాటి హైదరాబాదు సంస్థానమున పల్లెల స్థితి దయనీయముగా ఉండెడిది. దొరల గడీలలో కూలి లేకుండ చాకిరి చేయవలసిన వెట్టి, కులవృత్తుల వారినందరిని పీడించుచుండెను. పాలనలో ఉర్దూదే పైచేయి. ప్రజల తెలుగుకు కచేరీలలో గౌరవము లేదు. గస్తీ నిశాన్ 53 అనే ఉత్తరువు వలన ముందుగా అనుమతి లేనిదే సభ జరుపుటకు వీలులేదు. ఇట్టి నిర్బంధములో ఆంధ్ర మహాసభ ప్రజలకు నోరిచ్చినది. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో జరిగిన పదకొండవ మహాసభ పిమ్మట అది చదువుకొన్నవారి సంస్థగా మిగలక రైతుకూలీల ‘సంగం’గా మారినది. హనుమంతు సుద్దాలలో ఆ సంఘమును నిలిపి, తన పాటను దానికి అంకితము చేసినారు.

ఇక్కడనే ఆయన ప్రతిభ ప్రకాశించినది. ప్రజలకు తెలియని క్రొత్త కళారూపమును ఆయన తెచ్చిపెట్టలేదు. ఊరివారు తరతరాలుగా ఎరిగిన గొల్లసుద్దులను చేపట్టినారు. భుజమున గొంగడి, చేతిలో కర్ర, నడుమ నడుమ హాస్యము, ప్రక్కన వంతలు. ఇది గొల్లసుద్దుల స్వరూపము. యాదవుల గాథలు పలికిన ఆ రూపములోనే హనుమంతు వెట్టిచాకిరిని, దొరల దౌర్జన్యమును, నిజాము పాలనను పలికించినారు. బుర్రకథను, పిట్టలదొర వేషమును, ఫకీరు వేషమును గూడ ఇట్లే వాడుకొన్నారు. ఉపన్యాసకుడు వచ్చినాడన్న భయపడే జనము వేషగాడు వచ్చినాడన్న తమంత తామే మూగుదురు. నవ్వుచు విన్నవారు ఇంటికి పోవునప్పుడు ఆలోచనతో పోవుదురు. ఆ పాటకు అచ్చుయంత్రము అక్కరలేదు. ఒకసారి విన్నవాడు మరునాడు పొలములో పాడగలడు.

ఆయన రచనలలో ‘పల్లెటూరి పిల్లగాడ’ అనే గీతము మిక్కిలి ప్రసిద్ధము. ఆడుకొనవలసిన ఈడులో జీతమునకు కుదిరి పసులు కాయుచున్న పసివాని గూర్చిన పాట అది. అందు గర్జన లేదు; తల్లి వంటి జాలి ఉన్నది. బడిలో ఉండవలసిన బిడ్డ పశువుల వెంట ఏల తిరుగుచున్నాడని విన్నవాడు తన్ను తానే ప్రశ్నించుకొనునట్లు చేయుటలోనే దాని బలము.

1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తరువాత పోరాటము సాయుధ రూపము దాల్చినది. అది కరీంనగరు జిల్లాకును వ్యాపించినది. 1948 మార్చిలో అనభేరి ప్రభాకరరావు ప్రభృతులు హుస్నాబాదు సమీపమున మహమ్మదాపూరులో ప్రాణములు కోల్పోయినారు. 1951లో పోరాటము విరమింపబడు వరకు ఈ ప్రాంతపు పల్లెలు అనుభవించిన కష్టములకు మేర లేదు. హనుమంతు వంటి ప్రజాకవులు ఆ కష్టములను ప్రేక్షకులై చూడలేదు; ప్రజలలో ఒకరై అనుభవించినారు.

దశాబ్దముల పిమ్మట గౌతం ఘోష్ 1979లో నిర్మాణమైన ‘మాభూమి’ చిత్రములో ‘పల్లెటూరి పిల్లగాడ’ను వినిపించగా నూతన తరము దానిని తనదిగా చేసుకొన్నది. పాట ఎరిగియు కవి పేరెరుగనివారు ఎందరో! ప్రజాకవికి ఇది లోపము కాదు, కిరీటము. 1982 అక్టోబరు 10న క్యాన్సరు వ్యాధితో హనుమంతు కన్నుమూసినారు. ఆయన కుమారులు సుద్దాల అశోక్‌తేజ ఉపాధ్యాయవృత్తి నుండి సినీగీత రచనకు వచ్చి, ‘ఠాగూర్’ చిత్రగీతమునకు జాతీయ పురస్కారము పొందినారు.

పాశ్చాత్య దేశములలోను ఇట్టి ధోరణి లేకపోలేదు. 1980 దశకమున అమెరికాలో పెద్ద రికార్డు సంస్థల వెలుపల, కళాశాలల రేడియోల ఆసరాతో యువకులు పెంచిన సంగీతమునకు ఆల్టర్నేటివ్ రాక్ అని పేరు వచ్చినది. 1991లో నిర్వాణ బృందపు ‘నెవర్‌మైండ్’ విజయముతో విపణియే దానిని వెదకికొని వచ్చినది. అక్కడిది గిటారు, ఇక్కడిది గొంగడి. అక్కడ ఎక్కువగా ఒంటరి యువకుని వేదన పలికినది. ఇక్కడ ఊరి వేదన పలికినది. పెద్దల ఆమోదము కొరకు వేచియుండక తమ మాటను తమ బాణీలో చెప్పుకొనుటయే రెండింటికిని ప్రాణము.

హనుమంతు తరము వేసిన బాట ఉత్తర తెలంగాణమున పూడిపోలేదు. 1978లో జగిత్యాల జైత్రయాత్ర జరిగిన నాటి రైతుకూలీల ఉద్యమములకును పాటయే తోడైనది. ‘ఊరు మనదిరా’ గీతకర్త గూడ అంజయ్య ఆదిలాబాదు జిల్లా బిడ్డయే.

కట్టుబానిసత్వమును రద్దుచేయు చట్టము 1976లో వచ్చినది. బాలలకు విద్య హక్కని 2009లో మరియొక చట్టము పలికినది. ఆ శాసనములకు ఎంతో ముందే పసులకాపరి పసివాని పక్షమున ఒక పల్లెపాట నిలిచినది. తరగతిగదిలో ఖాళీగా ఉన్న బల్లను చూచి, ఆ పిల్లవాడు ఈనాడు ఎక్కడ పనిచేయుచున్నాడో విచారించే ఉపాధ్యాయుడు హనుమంతు పాట నిజముగా విన్నవాడు.