కాసిం తినిస్తానోవ్: కిర్గిజ్ భాషకు రాత కూర్చి, 'జాతీయవాది' ముద్రతో బలైన పండితుడు

బిష్కెక్ పేరు ఇవాళ తెలుగువాళ్లకు కొత్త కాదు. ఎంబీబీఎస్ చదువుకు పిల్లల్ని కిర్గిజ్‌స్తాన్ పంపిన కుటుంబాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అక్కడ దిగిన విద్యార్థికి బస్సు బోర్డు నుంచి మందుల షాపు దాకా ఎదురయ్యేది సిరిలిక్ లిపి. అది రష్యన్ భాషది. కిర్గిజ్ భాషకు మాత్రం అది మూడో లిపి. 1924లో అరబ్బీ అక్షరాలతో అచ్చు వార్తాపత్రిక మొదలుపెట్టిన కిర్గిజ్‌లు 1928కల్లా లాటిన్‌కు, 1940లో సిరిలిక్‌కు మారాల్సి వచ్చింది. పదహారేళ్లలో మూడు లిపులు.

ఆ తొలి రెండు లిపుల వెనక పనిచేసిన వాళ్లలో ముఖ్యుడు కాసిం తినిస్తానోవ్. కవి, భాషావేత్త, విద్యాశాఖ కమిసార్, తొలి కిర్గిజ్ ప్రొఫెసర్. ఆ దేశం 10 సోమ్‌ల నోటు మీద ఆయన బొమ్మే వేసింది. ఆయన్ను సోవియట్ ప్రభుత్వం 37 ఏళ్లకే కాల్చి చంపింది. ఎక్కడ పూడ్చిందో యాభై ఏళ్లకు పైగా కుటుంబానికి కూడా చెప్పలేదు.

పేరు కూడా సొంతం కాని రోజులు

తినిస్తానోవ్ 1901లో ఇసిక్-కుల్ సరస్సు ఒడ్డున ఒక పల్లెలో పుట్టారు. అప్పటికి ఆ ప్రాంతం రష్యా జార్ పాలనలో ఉంది. కిర్గిజ్‌లకు తమవైన తెగలు, పచ్చిక బయళ్లు, తరతరాలుగా నోటి మీదే బతికిన మనాస్ మహాకావ్యం ఉన్నాయి. లేనిదల్లా అందరూ ఒప్పుకున్న ఒక రాత భాష. జార్ అధికారుల లెక్కల్లో వాళ్లకు సరైన పేరు కూడా లేదు. రష్యన్లు కజక్‌లను కిర్గిజ్‌లని రాసేవారు. అసలు కిర్గిజ్‌లను కారా-కిర్గిజ్‌లు, అంటే నల్ల కిర్గిజ్‌లు అనేవారు.

ఆయనకు పదిహేనేళ్లు నిండకముందే 1916 వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం వెనక చాకిరీకి మధ్య ఆసియా మగవాళ్లను పట్టుకుపొమ్మని జార్ ఆదేశించాడు. అప్పటికే మంచి భూములు వలస వచ్చిన రష్యన్ రైతుల చేతికి పోయి ఉన్నాయి. ఆ కోపం తిరుగుబాటుగా మారింది. సైన్యం దాన్ని అణచివేసింది. గొర్రెలను, గుర్రాలను తోలుకుని, పిల్లాజెల్లాతో జనం తియాన్‌షాన్ కనుమల మీదుగా చైనా వైపు పారిపోయారు. మంచులో, ఆకలితో, తుపాకీ దెబ్బలకు చనిపోయిన వాళ్ల సంఖ్య లక్ష దాటిందని చాలా అంచనాలు చెబుతాయి. కిర్గిజ్‌లు ఆ పరుగును ఉర్కూన్ అంటారు. తినిస్తానోవ్ కుటుంబం కూడా అలా సరిహద్దు దాటింది. ఆ కుర్రవాడు చైనా నుంచి తిరిగి వచ్చేసరికి జార్ సింహాసనం పోయింది. కొత్త ప్రభుత్వం చదువు చెబుతానంది.

ఆ తరం కిర్గిజ్ యువకులు బోల్షెవిక్‌ల వైపు ఎందుకు మొగ్గారో అర్థం కావాలంటే ఈ నేపథ్యం గుర్తుంచుకోవాలి. వాళ్లను తరిమిన రాజ్యం కూలిపోయింది. దాని స్థానంలో వచ్చిన రాజ్యం ప్రతి జాతికీ సొంత బడి, సొంత పత్రిక, సొంత ప్రాంతం ఇస్తానంటోంది. తినిస్తానోవ్ 1920ల మొదట్లో తాష్కెంట్ వెళ్లి, కజక్, కిర్గిజ్ ఉపాధ్యాయులను తయారుచేసే విద్యాసంస్థలో చేరారు.

'తో' అంటే కొండ

1924 అక్టోబరులో కిర్గిజ్‌ల పేరుతో తొలిసారి ఒక స్వయంపాలిత ప్రాంతం ఏర్పడింది. మొదట దానికీ కారా-కిర్గిజ్ అనే పేరే పెట్టారు. మరుసటి ఏడు ఆ 'కారా'ను తీసేశారు. ప్రాంతం ఏర్పడిన కొద్ది వారాలకే, నవంబరు 7న, తాష్కెంట్‌లో తొలి కిర్గిజ్ వార్తాపత్రిక అచ్చయింది. పేరు 'ఎర్కిన్-తో', అంటే స్వేచ్ఛా పర్వతాలు. 23 ఏళ్ల తినిస్తానోవ్ అందులో చేరారు. 1925లో ఆయన కవితా సంపుటి మాస్కోలో అచ్చయింది.

పత్రిక నడపాలంటే ముందు ఒక ప్రశ్న తేలాలి. ఏ మాటను ఎలా రాయాలి? ఆ పత్రిక పేరులోనే దానికి ఉదాహరణ ఉంది. కొండను కజక్‌లు 'తవ్' అంటారు, కిర్గిజ్‌లు 'తో' అంటారు, మన 'ఓ'త్వంలాగే సాగదీసి. రెండూ దగ్గరి భాషలే. అప్పటిదాకా చదువుకున్న కిర్గిజ్‌లు కజక్ రాతనో, మధ్య ఆసియా పాత సాహిత్య భాష చగతాయ్‌నో వాడుకునేవారు. తినిస్తానోవ్ తొలి కవితల్లో కొన్ని కజక్‌లోనే ఉన్నాయి. తమ నోట పలికినట్టు 'తో' అని రాసుకోవడమంటే తమది వేరే భాష అని కాగితం మీద నిలబెట్టుకోవడమే.

లిపి దగ్గర ఇంకో చిక్కు ఉంది. కిర్గిజ్‌లో ఎనిమిది అచ్చులు ఉన్నాయి, వాటిలో చాలావాటికి దీర్ఘాలూ ఉన్నాయి. అరబ్బీ లిపి హల్లులకు పెద్దపీట వేస్తుంది, అచ్చులను సరిగా చూపదు. పైగా కిర్గిజ్‌లో మాటలోని అచ్చును బట్టి ప్రత్యయం మారిపోతుంది. అతా అంటే తండ్రి, బహువచనం అతాలార్. ఎనె అంటే తల్లి, బహువచనం ఎనెలెర్. తోకు బహువచనం తోలోర్. తెలుగులో 'పులి'కి 'లు' చేరితే 'పులులు' అవుతుంది కదా, అలాంటి అచ్చుల పొత్తు అక్కడ భాషంతా అల్లుకుని ఉంటుంది. అచ్చులు కనిపించని లిపిలో ఇలాంటి భాషను పిల్లలకు నేర్పడం కష్టం.

ఈ పనిలో తినిస్తానోవ్‌కు ముందు తరం మనిషి ఇషెనాలి అరబాయెవ్ ఉన్నారు. ఆయన కజక్ పండితులు దిద్దిన అరబ్బీ లిపిని కిర్గిజ్‌కు మలిచి తొలి వాచకాలు రాశారు. తినిస్తానోవ్ ఆ దారిలో ముందుకు పోయి వాచకాలు, వ్యాకరణాలు రాశారు. 'ఎనె తిలిబిజ్', అంటే మన తల్లి నుడి, బడి పిల్లలకు ఆయన రాసిన వ్యాకరణం. కిర్గిజ్ వాక్యాన్ని కిర్గిజ్ మాటల్లోనే వివరించాలన్నది ఆయన పట్టుదల. అందుకోసం వ్యాకరణ పరిభాషను పెద్ద ఎత్తున తయారుచేశారు.

బాకూ నుంచి మంత్రి పదవి దాకా

1926 ఫిబ్రవరి, మార్చి నెలల్లో సోవియట్ అజర్‌బైజాన్ రాజధాని బాకూలో తుర్కిక్ భాషల పండితులంతా సమావేశమయ్యారు. కిర్గిజ్‌ల తరఫున వెళ్లిన వాళ్లలో తినిస్తానోవ్ ఒకరు. అరబ్బీ లిపిని సంస్కరించాలా, వదిలేయాలా అన్నదే అక్కడ ప్రధాన చర్చ. లాటిన్ వైపు మెజారిటీ వచ్చింది. అచ్చులన్నిటికీ అక్షరాలు దొరుకుతాయి, అచ్చు పని సులువవుతుంది అన్నవి భాషావేత్తల కారణాలు. మతపెద్దల పట్టు నుంచి కొత్త తరాన్ని తప్పించవచ్చన్నది పార్టీ లెక్క. రెండు లెక్కలూ అప్పటికి ఒక్కచోట కలిశాయి.

1927లో తినిస్తానోవ్ కిర్గిజ్ రిపబ్లిక్ విద్యాశాఖ కమిసార్ అయ్యారు. ఇప్పటి మాటల్లో విద్యామంత్రి. అప్పటికి ఆయన ఇంకా యువకుడే. లాటిన్ లిపి ప్రచారం ఆయన హయాంలోనే సాగింది. పల్లె పల్లెకూ అక్షరాస్యతా బడులు వచ్చాయి, ఆడవాళ్లు పలక పట్టారు. దీనికి రెండో వైపు కూడా ఉంది. అరబ్బీ అక్షరాలు మాత్రమే వచ్చిన పాత తరం రాత్రికి రాత్రే నిరక్షరాస్యుల జాబితాలో చేరిపోయింది. పాత రాతప్రతులు చదివే వాళ్లు తగ్గిపోయారు. లిపి మార్పును ప్రభుత్వ నిర్ణయంగా అమలు చేయవచ్చన్న పద్ధతి స్థిరపడిందీ ఆ రోజుల్లోనే. పదేళ్ల తర్వాత అదే పద్ధతిని మాస్కో ఆయన లిపి మీదా వాడింది.

నేరం: పాతను ప్రేమించడం

1930లు మొదలయ్యేసరికి గాలి మారింది. జాతులకు సొంత సంస్కృతి ఉండాలన్న ప్రభుత్వమే, ఆ సంస్కృతి గురించి ఎక్కువ మాట్లాడేవాళ్లను అనుమానించడం మొదలుపెట్టింది. తినిస్తానోవ్ 'అకాదెమియా కెచెలెరి', అంటే అకాడమీ సాయంత్రాలు అనే పేరుతో కిర్గిజ్ చరిత్రను, జానపద ఆచారాలను రంగస్థలం మీదికి తెచ్చే రచన చేశారు. అందులో భూస్వామ్య కాలాన్ని మెచ్చుకున్నారని విమర్శకులు విరుచుకుపడ్డారు. నూనూగు మీసాల వయసులో కజక్‌ల అలాష్ జాతీయోద్యమాన్ని మెచ్చుకుంటూ రాసిన కవితలను తవ్వితీశారు. 1933లో పార్టీ నుంచి బహిష్కరించారు.

పదవి పోయినా భాష పని ఆపలేదు. 1934లో ఆయన చొరవతోనే రష్యన్ భాషావేత్త యెవ్‌గెనీ పొలివానోవ్ రాజధాని ఫ్రుంజెకు వచ్చారు. అదే నేటి బిష్కెక్. పొలివానోవ్ అనేక భాషలు తెలిసిన మహా పండితుడు. మాస్కోలో అధికారిక భాషా సిద్ధాంతాన్ని ఎదిరించినందుకు ఆయన్ను అక్కడ ఉండనివ్వలేదు. ఫ్రుంజెలో ఆయన మనాస్‌ను రష్యన్‌లోకి అనువదించే పని చేపట్టారు. తినిస్తానోవ్ కిర్గిజ్ వర్ణక్రమ నియమాల మీద, వాక్య నిర్మాణం మీద పరిశోధన కొనసాగించారు. 1936లో ప్రొఫెసర్ హోదా వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులోనే కిర్గిజియాకు సోవియట్ యూనియన్‌లో పూర్తి రిపబ్లిక్ హోదా దక్కింది.

ఎనిమిది నెలలు తిరక్కుండానే, 1937 ఆగస్టు 1న, ఇద్దరినీ అరెస్టు చేశారు. పొలివానోవ్‌ను మాస్కో తీసుకుపోయి 1938 జనవరిలో కాల్చి చంపారు. తినిస్తానోవ్‌ను ఫ్రుంజె జైల్లో ఉంచి, సోషల్-తురాన్ అనే రహస్య పార్టీ సభ్యుడని అభియోగం మోపారు. తుర్కిక్ జాతులను సోవియట్ దేశం నుంచి విడగొట్టడం ఆ పార్టీ ధ్యేయమట. కేసు మొత్తం పోలీసుల కల్పన. రిపబ్లిక్‌ను కట్టిన తరమంతా ఆ కేసులో ఇరుక్కుంది. తొలి ప్రభుత్వాధినేత యూసుప్ అబ్ద్రఖ్మానోవ్, పార్టీ నాయకుడు తోరెకుల్ ఐత్మాతోవ్ వాళ్లలో ఉన్నారు. 1938 నవంబరు మొదటి వారంలో వాళ్లను కాల్చి చంపారు. సోవియట్ బడులన్నిటిలో రష్యన్‌ను తప్పనిసరి చేసింది కూడా ఆ ఏడాదే. మరో రెండేళ్లకు లాటిన్ లిపి పోయి సిరిలిక్ వచ్చింది. దానికి అడ్డు చెప్పగల భాషావేత్త ఎవరూ మిగల్లేదు.

ఇటుకల బట్టీలో దొరికిన చరిత్ర

తినిస్తానోవ్ పుస్తకాలు గ్రంథాలయాల నుంచి మాయమయ్యాయి. ఆయన కూర్చిన వ్యాకరణ పరిభాషను బడుల్లో వాడుతూనే ఉన్నారు, పేరు మాత్రం పలకలేదు. స్టాలిన్ పోయాక, 1957లో కోర్టు ఆయన్ను నిర్దోషి అంది. రచనల మీద అనుమానం మాత్రం 1980ల చివరి దాకా వీడలేదు.

బిష్కెక్‌కు దక్షిణంగా కొండల దగ్గర చోన్-తాష్ అనే ఊరుంది. 1930లలో అక్కడ రహస్య పోలీసుల విశ్రాంతి గృహం ఉండేది. అక్కడి కాపలాదారు ఒక పాత ఇటుకల బట్టీలో శవాలు పూడ్చిన సంగతి తెలిసీ జీవితాంతం నోరు విప్పలేదు. చనిపోయే ముందు కూతురికి చెప్పాడు. ఆమె దశాబ్దాల పాటు ఆ రహస్యం మోసి, సోవియట్ పాలన సడలాక బయటపెట్టింది. 1991లో తవ్వితే 137 మంది అస్థికలు బయటపడ్డాయి. ఒకరి దుస్తుల్లో తూటా రంధ్రం పడిన అభియోగ పత్రం దొరికింది. దాని మీద తోరెకుల్ ఐత్మాతోవ్ పేరు ఉంది. 'జమీల్యా' రచయితగా తెలుగు పాఠకులకు పరిచయమైన చింగిజ్ ఐత్మాతోవ్ తండ్రి ఆయన. తండ్రి ఎక్కడ పోయాడో ఆ రచయితకు అరవై దాటాక తెలిసింది. అదే గుంటలో తినిస్తానోవ్ కూడా ఉన్నారని రికార్డులు చెప్పాయి.

1991 ఆగస్టు 30న ఆ అస్థికలను అక్కడికి దగ్గరలోనే గౌరవంగా తిరిగి ఖననం చేశారు. ఆ స్థలం పేరు అతా-బెయిత్, తండ్రుల సమాధి. మరుసటి రోజు, ఆగస్టు 31న, కిర్గిజ్‌స్తాన్ స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. 2008లో చనిపోయిన చింగిజ్ ఐత్మాతోవ్‌నూ అక్కడే పూడ్చారు.

ఇప్పుడు ఇసిక్-కుల్ ప్రాంత రాజధాని కరకోల్‌లోని విశ్వవిద్యాలయానికి తినిస్తానోవ్ పేరే పెట్టారు. భాష గొడవ మాత్రం తేలలేదు. 1989 చట్టంతో కిర్గిజ్ రాజ్యభాష అయింది. రష్యన్‌కు అధికార భాష హోదా ఉంది. రష్యాలో కూలి పనులకు వెళ్లి ఇంటికి డబ్బు పంపే లక్షల కుటుంబాలకు రష్యన్ అక్షరాలు బతుకుతెరువు. మళ్లీ లాటిన్‌కు పోదామని ఎవరైనా అంటే ఇప్పుడు తొందరేమీ లేదని ప్రభుత్వం సర్దిచెబుతూ వస్తోంది. 2024 సెప్టెంబరులో తుర్కిక్ దేశాల పండితులు మళ్లీ బాకూలోనే కూర్చుని, 34 లాటిన్ అక్షరాలతో ఒక ఉమ్మడి వర్ణమాలకు ఒప్పుకున్నారు. కజక్‌లు, ఉజ్బెక్‌లు ఇప్పటికే ఆ దారి పట్టారు. 1926లో తినిస్తానోవ్ బాకూ నుంచి తెచ్చిన నిర్ణయాన్ని కిర్గిజ్‌లు ఈసారి తమంతట తాము తీసుకోవాల్సి ఉంది.