ప్రేమకవికి వ్యాఖ్య యేల?

భక్తుడు ప్రేమగీతములు వ్రాసినచో లోకము సంశయించును. దైవచింతనమున నున్నవానికి విరహవేదన యేల, కాంతాకటాక్ష వర్ణన మేల యని యడుగును. ఈ ప్రశ్నకు గురియైన మహనీయులలో షేక్ ముహియుద్దీన్ ఇబ్ను అరబీ యగ్రగణ్యుడు.

ఆయన 1165లో స్పెయిను దేశమందలి ముర్సియా నగరమున జన్మించి, సెవిల్లెలో పెరిగెను. నూనూగు మీసములైన రాని ప్రాయమున కార్డోబాలో తత్త్వవేత్తయగు ఇబ్ను రుష్దును దర్శించెను. తర్కము చూపు సత్యమును, ఆత్మానుభవము చూపు సత్యమును నొక్కటియేనా యని యా పండితుడు ప్రశ్నింపగా, అవుననియు కాదనియు గూడ బాలుడు బదులు చెప్పెనట. 1198లో ఇబ్ను రుష్దు మరణించెను. పిమ్మట నాయన దేహమును కార్డోబాకు గొనిపోవునపుడు, వాహనపశువుపై నొకవైపున శవపేటికయు, దానికి తూకముగా రెండవవైపున ఆయన రచించిన గ్రంథములును వ్రేలాడుట ఇబ్ను అరబీ కన్నులార గాంచెను. ఆ దృశ్య మాయన జన్మాంతము మరువలేదు.

1202లో ఆయన మక్కా చేరెను. ఇస్ఫహాను వంశమునకు జెందిన యొక పండితుని కుమార్తె, నిజామ్ అను కన్య, అచట విద్యాశీలములచే వినుతి కెక్కియుండెను. ఆమెను దలచి పిదప కూర్చిన 61 గీతములే తర్జుమానుల్ అష్వాఖ్ అను కావ్యము. బిడారులు కదలిపోవుట, పాడుపడిన విడిదిపట్టులు, దూరపు మెరుపు, ప్రియుని కన్నీరు — ఇవన్నియు ప్రాచీన అరబ్బు కవులు త్రొక్కిన త్రోవయే.

అలెప్పోలో నొక ధర్మశాస్త్రవేత్త యీ గీతములను శంకించెను. వీనియందు దైవరహస్యము లేదనియు, గ్రంథకర్త తన సత్కీర్తికై వలపును భక్తియని కప్పిపుచ్చుచున్నాడనియు నతని యాక్షేపణ. శిష్యుల కోరికపై ఇబ్ను అరబీ ప్రతిపదమునకు నాధ్యాత్మికార్థము చూపుచు వ్యాఖ్య వ్రాసెను. దానిని విని యాక్షేపకుడు పశ్చాత్తప్తుడయ్యెనని గ్రంథకర్తయే చెప్పియున్నాడు.

వ్యాఖ్య యొక ముసుగని నేటికిని తలచువారు గలరు. మేము దీని నంగీకరింపజాలము. సృష్టియందలి ప్రతిరూపమును పరమేశ్వరుని యభివ్యక్తియే యని ఇబ్ను అరబీ సిద్ధాంతము. అట్టివానికి ఒక కన్యయందలి సౌందర్యమును ప్రేమించుటకును, సౌందర్యమూలమును ప్రేమించుటకును నడుమ గోడ లేదు. గీతగోవిందము నెరిగిన మన పాఠకులకు ఈ మార్గము క్రొత్తగాదు. అయినను దీనిని మన యద్వైతమే యని తొందరపడి చెప్పరాదు. ఆయన కడవరకు నమాజును, ఉపవాసమును విడువని నిష్ఠాపరుడు. దాసుడు దాసుడే, ప్రభువు ప్రభువే యను భేదమును వదలినవాడు కాడు.

1240లో దమాస్కసున ఆయన కాలధర్మము నొందెను. 1516లో ఆ నగరమును జయించిన తురుష్క సుల్తాను సలీము ఆయన సమాధికడ మసీదు కట్టించెను. నిందయు నాగలేదు. 1979లో ఈజిప్టు శాసనసభ ఆయన మహాగ్రంథమగు ఫుతూహాతుల్ మక్కియ్యా ప్రచారము నాపబూనెను. పండితులు నిరసింపగా ఆ యత్నము నిలువలేదు.

ఏడు శతాబ్దములకు మీదట గూడ ఒక భక్తుని పుస్తకమునకు వెరచుట యేల? ప్రేమ తన కట్టుబాటును లోకము కట్టిన హద్దులలో వెదకదు; అధికారమునకు వెరపు కలిగించున దదియే. గ్రంథమును దాచుటకన్న దానిని చదివి వాదించుటయే ధర్మము. అలెప్పో పండితుడైనను వ్యాఖ్యను వినుట కొప్పుకొనెను. ఆపాటి యోరిమి మనకును వలయును.