భావిని గణించిన ట్యూరింగ్

ఆలన్ మాథిసన్ ట్యూరింగ్ 1912 జూన్ 23వ తేదీన లండన్ నగరంలో జన్మించాడు. తండ్రి జూలియస్ ట్యూరింగ్ ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగిగా మద్రాసు రాజధానిలో పనిచేశాడు. తల్లి ఎథెల్ సారా మద్రాసు రైల్వే చీఫ్ ఇంజనీరు ఎడ్వర్డ్ స్టోనీ కుమార్తె. ఆనాటి మద్రాసు రాజధానిలో మన తెలుగు జిల్లాలు కూడ చేరి ఉండేవన్న సంగతి విద్యార్థులకు విదితమే. తల్లిదండ్రులు ఇండియాలో ఉండగా ఆలన్, అతని అన్న జాన్ ఇంగ్లండులో పరుల ఇంట పెరిగారు.

షెర్బోర్న్ పాఠశాలలోను, పిదప కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలోను ఆయన విద్యాభ్యాసం సాగింది. 1936లో రచించిన గణిత వ్యాసం ఆయనకు శాశ్వత కీర్తిని సంపాదించింది. కంప్యూటరు అనే మాటకు అప్పటికి లెక్కలు వేసే మనిషి అనియే అర్థం. ఆ మనిషి పనిని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి, పొడవైన పట్టీపై గుర్తులు వ్రాస్తూ చెరుపుతూ సాగే ఒక ఊహాయంత్రానికి ట్యూరింగ్ అప్పగించాడు. తగిన ఆదేశాలిస్తే అట్టి యంత్రాలన్నింటి పనిని ఒకే యంత్రం చేయగలదని నిరూపించాడు. ఆ వ్యాసంలోనే యంత్రానికి గల హద్దును కూడ చూపాడు. ఒక యంత్రం తన లెక్కను ఎడతెగక సాగిస్తుందా, నడుమ చిక్కుపడుతుందా అన్నది అన్ని సందర్భాలలోను ముందుగా తేల్చిచెప్పగల యంత్రం ఉండజాలదు.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బ్లెచ్లీ పార్కులో జర్మనుల ఎనిగ్మా సంకేతాలను ఛేదించిన వారిలో ఆయన అగ్రగణ్యుడు. 1948లో మాంచెస్టరు విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆ ఏడు అక్కడ నడిచిన చిన్న కంప్యూటరు జ్ఞాపకశక్తి 1024 బిట్లు మాత్రమే.

అటువంటి రోజులలో, 1950లో, 'మైండ్' పత్రికలో యంత్రాల ఆలోచనాశక్తిని గూర్చి ట్యూరింగ్ ఒక వ్యాసం ప్రకటించాడు. ఒక మనిషిని, ఒక యంత్రాన్ని కనబడకుండ ఉంచి, టైపు చేసిన జవాబులను బట్టి ఏది మనిషో గుర్తించడం అందులోని పరీక్ష. మన అవధాన సభలోని పృచ్ఛకుని వంటివాడే ఈ ప్రశ్నకుడు. అయితే ఎదుటివాని ముఖం చూసే భాగ్యం ఇతనికి లేదు. సుమారు 50 ఏండ్లలో నూరు కోట్ల బిట్ల జ్ఞాపకశక్తి గల కంప్యూటర్లు వస్తాయని, అయిదు నిమిషాల సంభాషణ పిదప సామాన్య ప్రశ్నకుడు సరిగా గుర్తించే అవకాశం నూటికి 70కి మించదని ఆయన అంచనా కట్టాడు. 60 మంది 50 ఏండ్లు నిలకడగా వ్రాస్తే అందుకు కావలసిన ప్రోగ్రాము పూర్తవుతుందన్నాడు, వ్రాసినదేదీ చెత్తబుట్ట పాలు కాకుంటే! ప్రోగ్రాములు వ్రాసినవారెవరైనా ఈ షరతు చూచి నవ్వుకొనక మానరు. పసిపిల్లవాని మనసు వంటి యంత్రాన్ని నిర్మించి దానికి చదువు చెప్పడం మరొక మార్గమని కూడ సూచించాడు. 1952లో బి.బి.సి. రేడియో చర్చలో మాత్రం, ఎట్టి ప్రశ్నకూ అడ్డులేని పరీక్షలో యంత్రం నెగ్గడానికి కనీసం నూరేళ్లు పడుతుందన్నాడు.

2000 సంవత్సరం వచ్చింది. ఇంటి కంప్యూటర్ల డిస్కులు సైతం ఆయన చెప్పిన పరిమాణాన్ని ఎన్నో రెట్లు దాటిపోయాయి. సంభాషణలో మాత్రం యంత్రాలు వెంటనే పట్టుబడేవి. 2025లో అమెరికాలోని శాన్ డియాగో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు జరిపిన అయిదు నిమిషాల పరీక్షలలో, మనిషివలె నటించుమని ఆదేశింపబడిన జి.పి.టి.-4.5ను ప్రశ్నకులు నూటికి 73 సార్లు మనిషిగా భావించారు. ఆ నేర్పు 60 మంది వ్రాసిన ప్రోగ్రాము వలన వచ్చినది కాదు. అపారమైన వాఙ్మయాన్ని చదివి యంత్రం అలవరచుకొన్నది. ట్యూరింగ్ రెండవ మార్గానికే అది చేరువ.

స్వలింగ సంబంధాన్ని నేరంగా ఎంచే ఆనాటి ఆంగ్ల చట్టం కింద 1952లో ట్యూరింగుకు శిక్ష పడింది. చెరసాలకు బదులు హార్మోను చికిత్సకు ఒప్పుకొన్నాడు. దేశాన్ని కాపాడిన రహస్య కార్యాలకే అనర్హుడయ్యాడు. 1954 జూన్ 7న సైనైడు విషం వలన మరణించాడు. 42 ఏండ్లు నిండడానికి ఇంకా 16 రోజులున్నవి. విచారణ దానిని ఆత్మహత్యగా తేల్చినా, తల్లి అది ప్రమాదమనే నమ్మింది. బ్రిటిష్ ప్రధాని క్షమాపణ 2009లోను, రాణి క్షమాభిక్ష 2013లోను వెలువడ్డాయి.

కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన పురస్కారం 1966 నుండి ఆయన పేరనే నడుస్తున్నది. మనిషి పలుకును యంత్రానికి తెలియజెప్పే పరిశోధనలో పేరెన్నికగన్న రాజ్ రెడ్డి 1994లో దానిని అందుకొన్నాడు. ఆయన జన్మస్థలం నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు.