తొలి సూది తనకే!
గ్రాంట్‌ రోడ్డు పక్కనే పుట్టిన ప్లేగు టీకా... హాఫ్‌కిన్‌ జీవితమే ఓ పాఠం

పొట్టచేత పట్టుకుని బొంబాయి పోయిన నిజామాబాద్‌, ఆదిలాబాద్‌, కరీంనగర్‌ పల్లెల జనానికి గ్రాంట్‌ రోడ్డు స్టేషను, కామాటిపుర గల్లీలు కొత్త కాదు. నిజాం ఇలాకా నుంచి వెళ్లి ఆ నగరంలో ఇళ్లు, రోడ్లు కట్టిన కామాటీల పేరే ఆ పేటకు వచ్చింది. అక్కణ్నుంచి బైకుల్లా వైపు కాస్త నడిస్తే గ్రాంట్‌ మెడికల్‌ కాలేజీ. రోడ్డుకూ, కాలేజీకీ పేరు ఒక్కరిదే. బొంబాయి గవర్నరుగా పనిచేసిన రాబర్ట్‌ గ్రాంట్‌ది. ప్లేగు రాకముందే కాచుకునే టీకా ఈ కాలేజీలోనే తయారైంది. దాన్ని కనిపెట్టిన మనిషి వాల్డెమార్‌ హాఫ్‌కిన్‌.

గత్తరతో మొదలు

హాఫ్‌కిన్‌ 1860 మార్చి 15న నల్లసముద్రం ఒడ్డునున్న ఒడెస్సాలో యూదు కుటుంబంలో పుట్టాడు. అప్పట్లో అది రష్యా సామ్రాజ్యంలోని ఊరు. యూదుడైనందుకు అక్కడ పెద్ద కొలువులకు దారి మూసుకుపోయింది. మతం మారితే తలుపులు తెరుచుకునేవి. ఆయన మారలేదు. పారిస్‌ వెళ్లి పాశ్చర్‌ సంస్థ గ్రంథాలయంలో చిన్న ఉద్యోగంలో కుదురుకున్నాడు. తీరిక దొరికినప్పుడల్లా పరిశోధనే.

1892లో కలరాకు టీకా కనిపెట్టాడు. పల్లెల్లో గత్తర అని వణికిపోయేది ఈ రోగానికే. టీకాను మొదట తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. మరుసటి ఏడాది కలకత్తా చేరాడు. అక్కడి బస్తీల్లో తెల్లోడి సూది అంటే జనానికి అనుమానం. స్థానిక వైద్యులను వెంటబెట్టుకుని, వాళ్ల కళ్లముందే తాను వేయించుకుని ఒప్పించాడు.

సగం నగరం ఖాళీ

1896 సెప్టెంబరులో బొంబాయి మాండ్వీ ప్రాంతంలో ప్లేగు సోకినట్లు డాక్టర్‌ అకాసియో వీగస్‌ గుర్తించాడు. కొన్ని నెలల్లోనే నగరంలో దాదాపు సగం మంది మూటాముల్లె సర్దుకుని సొంతూళ్లకు పరుగుతీశారు. రోగంతో పాటు సర్కారన్నా భయమే. ఇళ్లల్లో సోదాలు చేసి, జబ్బుపడ్డవారిని బలవంతంగా ఆస్పత్రికి పట్టుకుపోయేవారు. పోయినోళ్లు తిరిగి రారన్న పుకారు పాకింది. అక్టోబరులో మిల్లు కార్మికులు ఆర్థర్‌ రోడ్డు ఆస్పత్రిపై దాడి చేశారు. 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టం వచ్చాక అధికారుల చేతికి మరింత బలం చిక్కింది. జనం మాత్రం రోగులను దాచిపెట్టడం మొదలుపెట్టారు.

నడవాలో ప్రయోగశాల

అలాంటి వేళ, 1896 అక్టోబరులో హాఫ్‌కిన్‌ బొంబాయిలో దిగాడు. గ్రాంట్‌ మెడికల్‌ కాలేజీలో ఒక గది, ఓ నడవా ఇచ్చారు. సాయానికి ఒక గుమస్తా, ముగ్గురు బంట్రోతులు. అంతే.

ప్లేగు క్రిములను మాంసపు రసంలో పెంచి, వేడిచేసి చంపితే టీకా మందు అవుతుంది. గొడ్డు, పంది మాంసాలతో చేస్తే హిందువులు, ముస్లింలు ముట్టరని మేకమాంసం వాడాడు. రసంపై నెయ్యి చుక్కలు తేలేస్తే వాటిని పట్టుకుని క్రిములు కిందికి వేలాడుతూ పెరిగేవి. 1897 జనవరి 10న ఆ మందును తానే వేయించుకున్నాడు. తర్వాత జనానికి వేసిన దానికన్నా ఎక్కువ మోతాదే. జ్వరం వచ్చి తగ్గింది. అదే నెలాఖరున బైకుల్లా జైల్లో ప్లేగు పొడసూపితే, ముందుకొచ్చిన ఖైదీలకు వేశారు. టీకా పడ్డోళ్లలో రోగం సోకింది తక్కువ.

జమాత్‌ పెద్ద ముందుకొచ్చి...

మందైతే దొరికింది. వేయించుకునేదెవరు? ఖోజాల పెద్ద ఆగాఖాన్‌కు అప్పటికి నిండా ఇరవై ఏళ్లు లేవు. జమాత్‌ చూస్తుండగా చెయ్యి చాపి టీకా వేయించుకున్నాడు. దాంతో వేలమంది ఖోజాలు వరుసకట్టారు. ప్రయోగశాల కోసం తన ఖుష్రూ లాడ్జినీ ఇచ్చాడు. సోదాలు, బలవంతాలతో కాని పని సొంత పెద్దమనిషి ఒక్కడు ముందు నిలబడితే అయ్యింది. 1899లో ప్రయోగశాల పరేల్‌లోని పాత గవర్నరు బంగళాకు మారింది. దేశం నలుమూలలకూ సీసాలు అక్కణ్నుంచే వెళ్లేవి.

ఒక్క సీసాతో తలకిందులు

1902 అక్టోబరు 30న పంజాబ్‌లోని ముల్కోవాల్‌ గ్రామంలో ఒకే సీసా నుంచి టీకా పొందిన 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. నింద హాఫ్‌కిన్‌పై పడింది. పదవి పోయింది. కానీ సీసా మూత తీసేటప్పుడు సహాయకుడి చేతిలోంచి పట్టకారు నేలమీద పడిందనీ, దాన్ని సరిగా శుద్ధి చేయకుండానే వాడారనీ బయటపడింది. సికింద్రాబాద్‌లో 1897లో మలేరియా గుట్టు విప్పిన రోనాల్డ్‌ రాస్‌ సహా పలువురు శాస్త్రవేత్తలు లండన్‌ పత్రికలో ఆయన పక్షాన నిలిచారు. 1907లో నింద తొలగింది. మళ్లీ కలకత్తా వచ్చినా, తాను నిలబెట్టిన బొంబాయి ప్రయోగశాలను మాత్రం తిరిగి ఆయన చేతికివ్వలేదు. 1914లో పదవీ విరమణ చేసి ఐరోపా వెళ్లిపోయాడు. 1930 అక్టోబరు 26న స్విట్జర్లాండ్‌లోని లాసాన్‌లో కన్నుమూశాడు.

పేరు నిలిచింది

దేశంలో ప్లేగు కోటిమందికి పైగా పొట్టనపెట్టుకుంది. ఎలుకలు రాలిపడితే చాలు, ఊరు విడిచి చేలల్లో గుడిసెలేసుకున్న సంగతులు పెద్దోళ్లు చెప్పేవారు. టీకా అందరికీ అందలేదు. అందినోళ్లలో చాలామంది బతికిపోయారు. పరేల్‌ ప్రయోగశాలకు 1925లో హాఫ్‌కిన్‌ పేరు పెట్టారు. ఆ పేరు నేటికీ ఉంది.

1897 నాటి అంటువ్యాధుల చట్టాన్నే 2020లో కరోనా వేళ మళ్లీ బయటికి తీశారు. ఆ ఏడాదీ వలస కూలీలు మూటలు నెత్తినెత్తుకుని ముంబయి విడిచారు. ఆపద ముంచుకొచ్చాక తెచ్చే చట్టం భయాన్నే పెంచుతుంది. ముందే సిద్ధం చేసిన మందు, ముందు నిలబడే పెద్దమనిషి ఉంటేనే ఊరికి ధైర్యం. గ్రాంట్‌ రోడ్డుకు కూతవేటు దూరంలో, ఓ ఇరుకు నడవాలో హాఫ్‌కిన్‌ చూపించింది అదే.